పిక్కల సాలలో పాట

మా మేనల్లుడు రమణ ఇంట్లో బీరువా మీద, పాత సూట్‌కేసు వెనకాల, ఒక జత ఇయర్‌ఫోన్లు దాచి ఉన్నాయి. దాచింది రమణ. అవి వాడి కూతురు హారికవి. ఆ పిల్ల ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, పరీక్షలు దగ్గరకొచ్చాయి. విజయనగరంలో రైలెక్కి ఆమదాలవలసలో దిగి, ఆటోలో వాళ్లింటికి చేరి, నేనింకా చెప్పులు విప్పకముందే ఈ తగువు నా ముందుకొచ్చింది. మంచినీళ్ల గ్లాసు నా చేతిలో ఉండగానే ఇంటిల్లిపాదీ నా చుట్టూ చేరి, తీర్పు చెప్పమన్నట్టు నిలబడ్డారు.

"అత్తా, నువ్వైనా బుద్ధి సెప్పు దీనికి," అన్నాడు రమణ. "సెవుల్లో అయ్యెట్టుకుని లెక్కలు సేస్తాదంట. పాటలింటా ఉంటే సదువెక్కుతాదేటి? నువ్వు జన్మంతా పిల్లలకి లెక్కలు సెప్పినదానివి. నీ మాటయితే ఇంటాది."

హారిక గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నన్ను మామ్మా అని పిలుస్తుంది. "పాటలు లేకపోతే నాకు కూర్చోబుద్దే అవదు మామ్మా," అంది మెల్లగా. "వీధిలో కుక్క అరిచినా, వంటింట్లో కుక్కరు కూసినా మనసు అటే పోతాది. చెవిలో పాట ఉంటే ఇవేవీ నా దగ్గరకి రావు."

"పోనీ మన పాటలా అంటే అదీ కాదు," రమణ అందుకున్నాడు. "ఏయో కొరియా పాటలంట. ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కాని పాట ఇనడమేటత్తా? ఫోన్లో ఒక డాక్టరు సెప్పాడు, పాటలింటా సదివితే బుర్ర సగం సగం పనిచేస్తాదంట."

నాకు కోపం వచ్చింది. రమణది ధాన్యం కొట్టు. ఆ కొట్లో షట్టరు లేచిన దగ్గర్నుంచి దించేదాకా పాత సినిమా పాటలు మోగుతూనే ఉంటాయి. అవి ఆగిపోతే వాడు బస్తా మూతి కుట్టలేడు, కాటా ముందు నిలబడలేడు. వాడి భార్య సుజాత బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, అందులో ఏదో ఒకటి మోగుతుంటే తప్ప కూర తరగదు. ఆ ఇంట్లో పాట లేనిది, ఉండకూడనిది, చదువుకుంటున్న ఆ ఒక్క పిల్లకే. నాకు కోపం వస్తే ముందు ఆకలేస్తుంది. అన్నం పెట్టమన్నాను, తిన్నాక చెప్తానన్నాను. తింటున్నంతసేపూ నా మనసు ఆమదాలవలసలో లేదు. ఉద్దానంలో, మా పిక్కల సాలలో ఉంది.

పలాస దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. ఇంటి ముందు కొబ్బరి చెట్లు, ఇంటి వెనక జీడి తోట, మధ్యలో మేము. పెరట్లో తాటాకు కప్పిన పొడుగాటి సాల ఒకటి ఉండేది. పశువులకని కట్టారట గానీ నాకు తెలిసేసరికి అందులో పశువులు లేవు, జీడిపిక్కల బస్తాలు ఉండేవి. షావుకారు పంపిన బస్తాలు అవి. పిక్కలు వేయించి, కొట్టి, పప్పు తీసి తిరిగి ఆయనకి అప్పజెప్పడం మా ఇంటి ఆడవాళ్ల పని. మా ఇంటికి ఎవరొచ్చినా మనుషుల కంటే ముందు ఎదురొచ్చేది ఆ పిక్కల పొగ. గొంతులో దిగి కూర్చునే పొగ అది. నా జడకి, నా పుస్తకాల సంచికి, ఉతికి ఆరేసిన లంగాకి కూడా అదే వాసన. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల పొద్దున్నే కాస్త ఎడంగా జరిగేది. నేను ఇంకాస్త దగ్గరగా జరిగేదాన్ని.

పొద్దున్నే పెరట్లో ఇనప మూకుడు పొయ్యి మీదకెక్కేది. దాని ముందు నిలబడేది మా పెద్దమ్మ, అంటే మా నాన్న అన్నగారి భార్య. ముఖానికి తడిగుడ్డ చుట్టుకుని, కళ్లు మాత్రం బయటపెట్టి, పొడుగాటి గరిటెతో పిక్కలు తిప్పేది. వేడికి పిక్కలోంచి నల్లటి రసం చిమ్మి మంట లేచేది. ఆవిడ అదిరేది కాదు, పక్కనున్న బూడిద ఒక చారెడు విసిరేది. పిక్కలు చల్లారాక మా మామ్మ, పెద్దమ్మ, అమ్మ ముగ్గురూ సాలలో వరసగా కూర్చునేవారు. ఒక్కొక్కరి ముందు ఒక చదును రాయి, చేతిలో చెక్క సుత్తి, పక్కన కొబ్బరి చిప్పలో బూడిద. ఆ రసం చర్మాన్ని తినేస్తుంది, అందుకని వేళ్లకి బూడిద రాసుకుంటూ ఉండాలి. ఎంత రాసినా వేళ్లు నల్లబడేవి, పొలుసులు లేచేవి. పెళ్లిళ్లలో బంతిలో కూర్చుంటే మా అమ్మ ఆ వేళ్లు కనబడకుండా కొంగు చాటున తినేది.

పిక్క కొట్టడం బలంతో పని కాదు. పెంకు పగలాలి, లోపలి పప్పు ఒక్క నెర్రె లేకుండా బయటికి రావాలి. నిండుగా వస్తే అది గుండు. రెండుగా విడిపోతే బద్ద. నలిగితే ముక్క. షావుకారుకి గుండు కావాలి. ముక్క మా ఇంట్లో ఉండిపోయేది. అందుకే నా చిన్నతనంలో జీడిపప్పుకి కొదవలేదు గానీ, నేను తిన్నదంతా ముక్కే. ఇప్పటికీ పాయసంలో నిండు జీడిపప్పు తగిలితే ఎవరిదో నా గిన్నెలో పడిందేమో అనిపిస్తుంది.

ఆ సుత్తులు పాట మీద నడిచేవి. మామ్మ ఎత్తుకునేది, మిగతా ఇద్దరూ అందుకునేవారు, పాదం చివర మూడు సుత్తులూ ఒక్కసారి పడేవి. మామ్మ గొంతు గొప్పదని చెప్పను. పైకి పోతే చీలేది, కిందకొస్తే వినపడేది కాదు. కానీ ఏ పిక్కకి ఏ పాటో ఆవిడకో లెక్క ఉండేది. పెంకు మందంగా ఉంటే నిదానం పాట, గట్టి దెబ్బ. పలచగా ఉంటే ఇంకోటి. పెద్దమ్మకి హుషారు పాటలు ఇష్టం. ఆవిడ ఎత్తుకుంటే పని జోరుగా సాగేది, ముక్క కూడా జోరుగానే పడేది, మామ్మ కళ్లెర్రజేసి తన నిదానం పాటలోకి లాక్కొచ్చేది. పాట పాడుతుంటే పిక్క రసం చేతిని కాల్చదని కూడా మామ్మ చెప్పేది. అది శుద్ధ అబద్ధం. పాడినా పాడకపోయినా అమ్మ వేళ్లు ఒకలాగే కాలేవి.

ఇంకొకటి ఉండేది. కొట్టడం అయిపోయి గుండు, బద్ద, ముక్క ఏరే పని మొదలైతే మామ్మ పాటలో మాటలు మాయమైపోయేవి. ఉత్త కూనిరాగం మిగిలేది. పళ్లెంలోకి వంగి, కళ్లు చికిలించి, పెదాలు మూసుకుని మ్మ్‌ మ్మ్‌ అంటూ ఏరేది. ముసలిదయింది, మాటలు మర్చిపోతోందనుకునేదాన్ని నేను.

పెదనాన్న ఇంటి పెద్ద. పక్క ఊరి ఎలిమెంటరీ బళ్లో మాస్టారు. నెల జీతం వచ్చేది ఆయనొక్కడికే. మా నాన్న ఆయనకి తమ్ముడు, తోట చూసుకునేవాడు, రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. పెదనాన్నకి పిల్లలు లేరు. ఆ ఇంట్లో పదో తరగతి గట్టెక్కినవాళ్లు ఆయన తర్వాత ఎవరూ లేరు గనక, ఆయన ఆశంతా నా మీదే పెట్టుకున్నాడు. నేనంటే ప్రేమ. ఆ ప్రేమ బెత్తం పట్టుకుని తిరిగేది. పొద్దున్నే వసారా స్తంభానికి అద్దం తగిలించి గడ్డం గీసుకునేవాడు, గీసుకుంటూ ఈల వేసేవాడు. ఎప్పుడూ ఒకటే వరస. బుగ్గ ఉబ్బించినప్పుడు ఈల వంకరపోయేది, గడ్డం కిందకొస్తే సన్నబడేది. వంటింట్లో ఉన్న పెద్దమ్మ ఆ ఈలను బట్టి కాఫీ ఎప్పుడు కలపాలో తెలుసుకునేది.

పదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షల్లో సోషల్ పేపరు నా కొంప ముంచింది. వంశధార గురించి రాయమన్నారు. నాకు బాగా వచ్చు. సాలలో సుత్తుల పక్కనే కూర్చుని బట్టీ పట్టాను. కాగితం మీద నేను రాసింది ఇది: వంశధార ఒరిస్సా కొండలలో పుట్టి, శ్రీకాకుళం జిల్లాలో ప్రవేశించి, గొడుగు మరిసిన బావ గట్టెక్కి రాడాయె, కళింగపట్నం వద్ద సముద్రంలో కలియును. రాసేటప్పుడు నాకు తెలియనే లేదు. ఆ బావ మామ్మ పాటలో బావ. వానాకాలంలో గొడుగు మర్చిపోయి ఏటి అవతల ఉండిపోతాడు, మరదలు పాట పొడుగునా వాణ్ని తిడుతుంది. నేను ఆ బావని తీసుకెళ్లి వంశధారలో దింపాను. సోషల్ మాస్టారు క్లాసులో పైకి చదివారు. పక్క క్లాసు వాళ్లు కూడా తలుపు దగ్గరకొచ్చి నవ్వారు. ఆ మాస్టారు పెదనాన్నకి స్నేహితుడు, పేపరు ఆయన చేతికిచ్చేశారు.

సాయంత్రం పెదనాన్న సాల గుమ్మంలో నిలబడి ఆ జవాబు చదివాడు. మామ్మ మొదట అర్థంకాక విని, అర్థమయ్యాక సుత్తి కింద పెట్టి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. పెదనాన్న నవ్వలేదు.

"పరీక్షలు అయ్యేవరకూ ఈ ఇంట్లో పాట లేదు," అన్నాడు. ఆయన మాస్టారు గనక కాస్త పుస్తకాల భాష మాట్లాడేవాడు. "ఈ పిల్ల తప్పితే ఇంకో ఏడు చదివించను. నీ చిన్న కోడలికి మణికట్టు నొప్పి అంటున్నావు కదా, ఇది వచ్చి ఆ రాయి ముందు కూర్చుంటుంది."

అది ఉత్త బెదిరింపు కాదు. అమ్మ చెయ్యి నిజంగానే వాచి ఉంది, నాలుగో రాయి కూడా సాలలో ఒక మూల సిద్ధంగా ఉంది. నేను ఆ రాతి వంక చూశాను. దాని మీద బస్తా పరిచి ఉంది, అంతే.

నన్ను ధాన్యం గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. నిశ్శబ్దంగా ఉంటే చదువు దానంతటదే తలకెక్కుతుందని పెదనాన్న నమ్మకం. కానీ పాట పోయింది గానీ సుత్తులు పోలేదు. ఇదివరకు ఒక్కసారి పడేవి ఇప్పుడు దేనిదారి దానిది. ఒకటి టక్కుమంటుంది, నేను లెక్కలో ఒక మెట్టు రాస్తాను, రెండోది ఎప్పుడు పడుతుందా అని చెవులు రిక్కిస్తాను, అది పడదు, పడేసరికి నేను రాసింది మర్చిపోతాను. వర్గ సమీకరణాలు అప్పటిదాకా నాకు ఆటగా ఉండేవి. ఆ గదిలో ఒక్కటి కూడా చివరిదాకా పోలేదు.

అంతకంటే పెద్ద ముప్పు సాలలో మొదలైంది. పాట లేకపోతే మనుషులు ఏం చేస్తారు, మాట్లాడుకుంటారు. మొదట్లో ఎండ గురించి, చింతపండు గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత పాత సంగతులు తవ్వడం మొదలుపెట్టారు. పెద్దమ్మా అమ్మా తోటికోడళ్లుగా ఒక ఇంట్లో ఉంటూ, రోజంతా పక్కపక్కన కూర్చుంటూ, అంతకుముందు ఎప్పుడూ అంతసేపు మాట్లాడుకోలేదని అప్పుడు తెలిసింది నాకు. పాట వాళ్ల మధ్య గోడలా ఉండేది. నేను పుట్టినప్పటి పురిటికి ఎవరు చాకిరీ చేశారు, ఎవరు చేయలేదు, ఎవరి పుట్టింటి నుంచి వచ్చిన ఇత్తడి బిందె ఎవరు వాడి సొట్ట పెట్టారు, అన్నీ వచ్చాయి. మామ్మ మధ్యలో "ఊరుకోండే, ఊరుకోండే" అంటూనే ఉండేది. ముక్కల బుట్ట మాత్రం నిండుతూనే ఉంది. షావుకారు మనిషి వచ్చి బుట్టలో చెయ్యి పెట్టి, "ఏటమ్మా, సుత్తులు మార్సేరేటి?" అని అడిగి వెళ్లాడు.

ఒక మధ్యాహ్నం తలుపు సందులోంచి అమ్మ గొంతు వినబడింది.

"కన్నదానివైతే నీకు తెలుస్తాది," అంది పెద్దమ్మతో.

ఆ మాట వెనకాలే ఒక సుత్తి దెబ్బ, ఆ తర్వాత పెద్దమ్మ మూలుగు. సుత్తి ఆవిడ బొటనవేలి మీద పడింది. పెద్దమ్మ లేచి వెళ్లిపోయింది. పొయ్యి వేరు పెట్టుకుంటానని పెదనాన్నతో చెప్పింది. మర్నాడు పని కోసం సాలలోకి వచ్చింది గానీ, వేలికి గుడ్డ కట్టుకుని, అమ్మకి వీపు పెట్టి కూర్చుంది. అమ్మ ఆ పూట అన్నం తినలేదు. నా చదువు కోసం తీసిన పాట నా ఇంటిని రెండు చేసేస్తోందని నాకు భయం వేసింది. లోపల కూర్చుంటే లెక్క రావడం లేదు. బయట ఇల్లు నిలబడేలా లేదు.

పెదనాన్న న్యాయమైన మనిషి. ఇంట్లో పాట వద్దన్నాక తన ఈల కూడా మానేశాడు. ఆ రోజుల్లో ఆయన గడ్డం మీద ఎప్పుడూ, గీసుకుంటూ కోసుకున్న చోట అంటించిన న్యూస్‌పేపరు ముక్క ఒకటి, దాని మధ్యలో ఎర్రటి చుక్క ఉండేవి.

నేను ధాన్యం గది తలుపు తీసుకుని చాప, లెక్కల పుస్తకం, నోట్సు పట్టుకుని సాలలోకి వెళ్లాను. పెద్దమ్మ వీపుకీ అమ్మకీ మధ్య చాప పరిచి కూర్చున్నాను.

"మామ్మా, పాట ఎత్తు," అన్నాను.

"మీ పెదనాన్న సంపేస్తాడే," అంది మామ్మ.

"సంపితే నన్ను కదా. ఎత్తు."

మామ్మ ఎత్తలేదు. అమ్మ తల వంచుకుని ఉంది. ఇక నేనే ఎత్తుకున్నాను. నా గొంతు మామ్మ గొంతు కంటే ఘోరం. గొడుగు మరిసిన బావ పాటే ఎత్తాను, వేరేది కావాలని ఎత్తలేదు. మొదటి పాదం చివర సుత్తి పడలేదు. రెండో పాదం చివర ఒకటి పడింది, పెద్దమ్మది. మూడోదానికి అమ్మది కూడా పడింది. నాలుగో పాదానికి మామ్మ నా గొంతు భరించలేక పాట లాక్కుంది. నేను నోరు మూసుకుని పుస్తకం తెరిచాను. లెక్క పట్టుకుంటే చివరిదాకా వచ్చింది. ఇంకోటి పట్టుకున్నాను, అదీ వచ్చింది. నా పెన్ను కూడా పాదం చివరే ఆగుతోంది.

పెదనాన్న బడి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడేదాకా మాకు తెలియలేదు. పాట తెగిపోయింది.

"ఏం జరుగుతోందిక్కడ?" అన్నాడు.

"లెక్కలు సేసుకుంతన్నాను పెదనాన్నా."

"పాట పాడుతూనా?"

"పాట పాడుతుంటేనే వస్తన్నాయి. గదిలో రావట్లేదు."

"ఆ బావ మళ్లీ పేపరు మీదకొస్తాడు."

"లెక్కల్లోకి రాడు. ఆడికి లెక్కలు రావు," అన్నాను. మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సోషల్లోకి వస్తాడు, నేను కాదన్ను. మాటలు సదివేటప్పుడు పాటలో మాటలు అడ్డమొస్తాయి. దానికి ఏదో సూసుకుంటాను. అంతేగానీ మొత్తం పాటే వద్దంటే ఎలాగ? మీ గడ్డం ఎందుకు తెగతాది పెదనాన్నా?"

మా ఇంట్లో ఆయన్ని అలా అడిగినవాళ్లు లేరు. నాన్న అడగలేదు, మామ్మ కూడా అడగలేదు. ఆయన చెయ్యి దానంతటదే గడ్డం మీదున్న కాగితం ముక్క దగ్గరకి వెళ్లింది. ముందు నవ్వింది పెద్దమ్మ, వేలికి ఇంకా గుడ్డ ఉండగానే. ఆ నవ్వు చూసి అమ్మ నవ్వింది, ఎన్నాళ్లకో.

"తప్పితే?" అన్నాడాయన.

"తప్పితే ఆ రాయి ముందు కూకుంటాను. పాట పాడుకుంటా కూకుంటాను."

ఆయన వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఒప్పుకున్నాడనీ చెప్పలేను, ఒప్పుకోలేదనీ చెప్పలేను. మర్నాడు పొద్దున్న వసారాలోంచి మాత్రం ఈల వినబడింది.

సోషల్‌కి ఏం చేయాలో నాకు నిజానికి తెలియదు, ధైర్యం కొద్దీ అనేశాను. దారి చూపించింది మామ్మ. నేను సోషల్ పుస్తకం తీయగానే పాట మధ్యలో ఆపి, "ఒసే, మాటలు మింగెయ్యండే," అంది. "ఏరుడు పనిలాగే." అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ పప్పు ఏరేటప్పుడు మాటలు మర్చిపోయేది కాదు, కావాలనే తీసేసేది. కంటికి పని ఉన్నప్పుడు, బుర్రకి పని ఉన్నప్పుడు పాటలోంచి మాట తీసేసి వరస ఒక్కటీ ఉంచుకునేది.

ముగ్గురు ఆడవాళ్లు సుత్తులు వేస్తూ, వాళ్లకి ఎంతో ఇష్టమైన పాటల్ని నోరు మూసుకుని పాడారు. పెద్దమ్మకి అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఆవిడకి పాటంటే మాటలే, బావని తిట్టే చోట గొంతు పెంచి తిట్టేది. అలాంటిది పెదాలు బిగించుకుని, బుగ్గలు కదిలిస్తూ మ్మ్‌ మ్మ్‌ అంటూ కొట్టేది. నేను సోషల్ పుస్తకం మూసి లెక్కలు తీయగానే ముగ్గురూ ఊపిరి వదిలి మాటలు అందుకునేవారు. ఒక రోజు ఆ కూనిరాగం మధ్యలోనే అమ్మ లేచి, చిప్పలో ఆముదం తెచ్చి, పెద్దమ్మ చెయ్యి తన ఒళ్లోకి లాక్కుని దెబ్బతిన్న వేలికి రాసింది. ఇద్దరూ రాగం మాత్రం ఆపలేదు. పొయ్యి వేరు పెట్టే సంగతి ఆ తర్వాత మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. నా కోసం ఎవరైనా ఏం వదులుకున్నారని అడిగితే నాకు మొట్టమొదట గుర్తొచ్చేది ఆ మింగేసిన మాటలే.

నేను పాసయ్యాను. లెక్కల్లో మంచి మార్కులు, సోషల్లో గట్టెక్కే మార్కులు. పెదనాన్న పలాస వెళ్లి ఫలితం చూసొచ్చి, గొడుగు ముడుస్తూ మామ్మతో, "నీ మనవరాలు పాసైంది. నీ బావ కూడా పాసయ్యాడు," అన్నాడు. నాలుగో రాయిని ఆ తర్వాత పెరట్లో బట్టలు ఉతకడానికి వాడుకున్నారు.

ఆ సాల ఇప్పుడు లేదు. పిక్కలు ఫ్యాక్టరీల్లో మిషన్ల మీద పగులుతున్నాయి. ఆ మధ్య ఒకసారి చూడ్డానికి వెళ్లాను. ఆ రొదలో పక్కమనిషి మాటే వినపడదు, ఇక పాటెక్కడ. పప్పు ఏరే బల్ల దగ్గర మాత్రం ఒక అమ్మాయి తలగుడ్డ కింద చెవిలో ఏదో పెట్టుకుని, తల సన్నగా ఊపుతూ గుండూ బద్దా వేరు చేస్తోంది. పక్కనున్నావిడ చెవిలో వేరే పాట. ఆ రోజులే బంగారమని నేను రాయను. మా అమ్మ చేతుల్ని చూసినదాన్ని, అలా ఎలా రాస్తాను. అప్పుడు పాట ఒకటే ఉండేది, నచ్చినా నచ్చకపోయినా అందరిదీ అదే, పెద్దమ్మకి హుషారు పాట కావాలంటే మామ్మ దయ ఉండాలి. ఈ అమ్మాయికి ఎవరి దయా అక్కర్లేదు, ఆ స్వేచ్ఛ నాకు నచ్చింది. కానీ ఆమెకి తల నొప్పిగా ఉన్నప్పుడు, ఏదైనా లెక్క తప్పుతున్నప్పుడు, ఆమె కోసం మాటలు మింగేవాళ్లు పక్కన లేరు. మనిషికో పాట వచ్చింది, నలుగురికీ కలిపి ఒక పాట పోయింది. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నాకు చేతకాదు. రెండూ ఉండకూడదన్న వాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. జన్మంతా లెక్కలు చెప్పాను, కథలు రాశాను, అన్నీ ఏదో ఒకటి మోగుతుండగానే చేశాను. కథ రాసేటప్పుడు వాద్యం ఒక్కటే, పేపర్లు దిద్దేటప్పుడు మాటలున్న పాట. మా స్టాఫ్ రూములో ఎంతమంది ముఖాలు చిట్లించినా మానలేదు.

అన్నం తిని చెయ్యి కడుక్కుని, బీరువా ముందుకి ముక్కాలి పీట జరుపుకుని ఎక్కాను. "అత్తా, పడిపోతావు," అంటూ రమణ పరిగెత్తుకొచ్చేసరికి ఇయర్‌ఫోన్లు నా చేతిలో ఉన్నాయి. హారికని లెక్కల పుస్తకం తెమ్మన్నాను. ముందు ఒకటి నా చెవిలో పెట్టి వినిపించమన్నాను. దరువు ఉంది, వరస ఉంది, ఎవరో పిల్లలు ఏదో పాడుతున్నారు. మాటలున్నాయి గానీ నాకు అవి మాటలు కావు. మా సాలలో ముగ్గురు ఆడవాళ్లు పెదాలు బిగించి పాడిన పాటే ఇది, సముద్రం అవతల నుంచి వచ్చింది, అంతే తేడా.

"ఒరే రమణా," అన్నాను, "అర్థం కాదు, అర్థం కాదని గోల పెడతన్నావు కదా. అర్థం కాకపోబట్టే ఈ పిల్లకి లెక్క అర్థమవతాది. తెలుగు పద్యం సదివేటప్పుడు దానికి తెలిసిన పాటలింటే అప్పుడు నువ్వు అడుగు, నేనూ అడుగుతాను. హారికా, ఇన్నావా?"

"అప్పుడు నేనే ఆపేస్తాను మామ్మా. పాటలో మాటలు నోట్సులోకి వచ్చేస్తాయి," అంది ఆ పిల్ల. నేను ఆమెకి బావ సంగతి ఏమీ చెప్పలేదు.

"నువ్వు కూడా ఇలగంటే ఎలాగత్తా," అన్నాడు రమణ. "రేపు తప్పితే ఎవరిది పూచీ?"

"ఏటి, నీ కొట్లో పాట కట్టేసి ఒక్క పూట కాటా వెయ్యి. తప్పు తూకం పడితే ఎవరిది పూచీ?"

సుజాత వంటింట్లో ఫోను గొంతు తగ్గించింది, వినడానికి. నేను ఆమె దగ్గరున్న చిక్కుడుకాయల పళ్లెం తెచ్చుకుని హారిక పక్కన చాప మీద కూర్చున్నాను. ఒకటి నా చెవిలో, రెండోది ఆ పిల్ల చెవిలో. తీగ పొట్టిది, అందుకని భుజానికి భుజం ఆనించి కూర్చోవాల్సి వచ్చింది. రమణ మా ముందుకొచ్చి నిలబడి చెయ్యి చాచాడు.

"ఇటియ్యత్తా."

"తీసుకో. ముందు నా సెవిలోది నువ్వే తియ్యి."

చిక్కుడుకాయ దరువు మీద విరిగింది. పక్కన హారిక పెన్ను కదులుతోంది, ఒక మెట్టు, ఇంకో మెట్టు. రమణ చెయ్యి ఇంకా చాచే ఉంది. మా ఇద్దరిలో ఎవరం అటు చూడలేదు.